టిప్పర్‌కి పెట్టించిన రాడార్ సెన్సర్: ఆరు నెలల తర్వాత నా రివ్యూ

దామరచర్ల దిక్కు సున్నపురాయి క్వారీల మాకు రెండు టిప్పర్లు నడుస్తయి, ఎండాకాలం దుమ్ము లేస్తే డ్రైవర్‌కి అద్దంల ఏం కనవడదు, వెనక్కి తీసేటప్పుడు హెల్పర్ పిలగాడు యాడున్నడో అని పానం గుబగుబలాడేది. ముందు కెమెరా పెట్టించిన, అర్ధగంటకే లెన్స్ మీద బూడిద లెక్క పేరుకునేది. తర్వాత తెచ్చిన చిన్న లైడార్ (లేజర్ కిరణం కొట్టి దూరం కొలిచే సెన్సర్) మంచిగనే ఉండె కానీ దుమ్ము మబ్బునే గోడ అనుకొని ఊకె మోగేది.

ఎందుకంటే లైడార్ కిరణం అల పొడుగు 905 నానోమీటర్లు, అంటే దుమ్ము రేణువు కన్నా చిన్నది, తాకంగనే వాపస్ వస్తది. గిప్పుడు పెట్టిన 77 గిగాహెర్ట్జ్ రాడార్‌ది రేడియో అల, దాని పొడుగు దగ్గర దగ్గర 4 మిల్లీమీటర్లు, రేణువు కన్నా చానా పెద్దది, గందుకే దుమ్ముల నుంచి దూసుకపోతది. మస్తు ఫరక్ ఉన్నదన్నా, దొంగ అలారాలు చానా తగ్గినయి!

ఒక్కటి మాత్రం చెప్పాలె, రాడార్‌కి ఇనుము కనవడ్డంత గట్టిగ మనిషి కనవడడు, ఆ ఉన్నది బండరాయా మనిషా అని కూడ సక్కగ తేల్చదు, గందుకే కెమెరా తీసేయలే, పొద్దుమాపు తుడిపిస్త. ఆస్ట్రేలియాల పిల్బరా అనే జాగల ఉన్న ఇనుప ఖనిజం గనులల 2008 నుంచే డ్రైవర్ లేని ట్రక్కులు నడిపిస్తున్నరు, ఆడ కూడ ఒక్క సెన్సర్‌నే నమ్మరు, జీపీఎస్, రాడార్, లైడార్ అన్నీ కలిపే వాడతరు. బిగించినోళ్లు బ్రాకెట్ సరిగ్గ వెయ్యలే, రెండుసార్లు వెల్డింగ్ చేయించుకున్న. అయినా క్వారీ టిప్పర్ ఉన్నోళ్లు పైసలకు చూడకుండ పెట్టించుండ్రి.