పెట్టె మీద ఆరు కోళ్లకు అని రాసి ఉన్నా రెండింటికే ఎలాగో సరిపోయే గూడు

పెరట్లో మూడు పెట్టల్ని పెంచుకుందామని రెడీమేడ్ చెక్క గూడు తెప్పించి ఏడాది కావస్తోంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే దాదాపు ఇదే డిజైన్ బోలెడన్ని పేర్లతో దొరుకుతోంది. కింద జాలీ కొట్టిన చిన్న ఆవరణ, పైన పడుకునే గది, పక్కకు పొడుచుకొచ్చిన గుడ్ల పెట్టె, గది అడుగున లాగి కడుక్కునే రేకు ట్రే. మీరూ ఇలాంటిదే చూస్తుంటే ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి.

అన్నిటికంటే ముందు, ఎన్ని కోళ్లు పడతాయని రాశారో ఆ మాట నమ్మొద్దు. వాళ్లిచ్చే పొడవు వెడల్పుల్లో పైకప్పు అంచులు, గుడ్ల పెట్టె అన్నీ కలిసి ఉంటాయి, మనం చూడాల్సింది పడుకునే గది లోపలి నేల. నాది టేపు పెట్టి కొలిస్తే 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అంటే 6 చదరపు అడుగులు. మామూలు సైజు పెట్టకు గదిలో 4 చదరపు అడుగులు, బయట తిరగడానికి 8 నుంచి 10 చదరపు అడుగులు ఉండాలని కోళ్లు పెంచేవాళ్లు చెప్పే లెక్క. ఆ లెక్కన ఇది రెండింటికి కూడా ఇరుకే, ఆరు కోళ్లని ఎలా రాశారో నాకు అర్థం కాలేదు. పొద్దంతా పెరట్లో వదిలేసి రాత్రి పడుకోవడానికి మాత్రమే లోపలికి తోలేవాళ్లకు కాస్త తక్కువైనా నడుస్తుంది, నాకూ అలాగే నడిచింది, ముసురు పట్టేదాకా. మూడు రోజులు వాటిని బయటికి వదల్లేకపోయాను. మూడో రోజు పొద్దున చూస్తే పెద్ద పెట్ట చిన్నదాని తోక మొదట్లో ఈకలు పీకేసింది, రూపాయి బిళ్లంత మేర చర్మం ఎర్రగా కనిపిస్తోంది. రక్తం కనబడితే మిగతావి కూడా అక్కడే పొడుస్తాయి కాబట్టి వారం పాటు దాన్ని విడిగా ఉంచాల్సి వచ్చింది. చాలా బాధేసింది. పెద్ద పెట్టను తిట్టి లాభం లేదు, పొడిపించుకునేదానికి పారిపోయే చోటే లేదక్కడ.

ఇక జాలీ. ఆరు మూలల గళ్లుండే పలచటి కోళ్ల వల కోడిని బయటికి పోకుండా ఆపుతుంది గానీ కుక్కను లోపలికి రాకుండా ఆపదు. అరంగుళం చదరపు గళ్ల వెల్డ్ మెష్ ఉన్నదే తీసుకోండి. నాకు వచ్చింది అదే, సంతోషించాను కూడా, కానీ దాన్ని చెక్కకు పట్టి ఉంచింది సన్నటి స్టేపుల్ పిన్నులు. ఒక మూల బొటనవేలితో గట్టిగా నొక్కితే రెండు పిన్నులు టప్పున ఊడొచ్చాయి. వేలికే ఊడితే కుక్క పంజాకు ఏం ఆగుతుంది? చుట్టూ స్క్రూలు, వాషర్లు వేసి మళ్లీ బిగించాను, ఒక పూట పట్టింది. తలుపుకు ఇచ్చిన గడియ తిప్పితే పడే చిన్న రేకు ముక్క, తలుపు పట్టుకుని నాలుగుసార్లు ఊపితే దానంతటదే తిరిగిపోయింది, దాని బదులు స్ప్రింగ్ కొక్కెం పెట్టాను. ఆవరణకు అడుగు లేదు కాబట్టి కింద నుంచి తవ్వుకుని వచ్చే భయం ఉంటుంది, గూడు చుట్టూ నేల మీద అడుగు వెడల్పున మెష్ పరిచి ఇటుకలు పెట్టాను.

ఎక్కువమంది పట్టించుకోనిది గాలి. మొదటి నెలలో ఒకరోజు తెల్లవారుజామున గది తలుపు తీసి మొహం పెట్టానో లేదో అమోనియా ఘాటుకు కళ్లు మండాయి. రాత్రంతా వేసిన రెట్ట, వాటి ఊపిరిలోని తేమ, రెండూ ఆ డబ్బాలోనే ఉండిపోయాయన్నమాట. ఉన్న ఒక్క కిటికీ కూడా అవి కూర్చునే కర్ర ఎత్తులోనే ఉంది, తెరిస్తే గాలి నేరుగా ఒంటికి కొడుతుంది. గాలి కన్నాలు కూర్చున్న కోడి తలకన్నా పైన, పైకప్పు కింద ఉండాలి. రెండు వైపులా అక్కడ కోసి మెష్ కొట్టాక ఘాటు పోయింది. ఎండాకాలంలో కూడా ఇదే కాపాడింది, కోళ్లకు చెమట పట్టదు, ఎక్కువగా నోరు తెరిచి రొప్పుతూ ఒళ్లు చల్లార్చుకుంటాయి, పైకప్పు మీద నల్లటి ఫెల్టు (తారు పట్టించిన షీటు) వేసిన మూసిన గదిలో వాటి పని ఎంత కష్టమో ఊహించుకోండి.

ఇంకో తప్పు, కూర్చునే కర్ర గుడ్ల పెట్టె కన్నా కిందికి ఉంది. కోడి ఎప్పుడూ ఉన్నవాటిలో ఎత్తైన చోటే పడుకుంటుంది, అంచేత మూడూ గుడ్ల పెట్టెలోనే పడుకుని అక్కడే రెట్ట వేసేవి, గుడ్లన్నీ కడుక్కోవాల్సి వచ్చేది. కర్రను ఆరంగుళాలు పైకి జరిపాను, రెండు రోజుల్లో అలవాటు పడ్డాయి. కొనేటప్పుడు ఫొటోలో ఈ రెండింటి ఎత్తు పోల్చి చూడండి.

బాగున్నవి కూడా చెప్పాలి. ట్రే నిజంగా గొప్ప సుఖం, పొట్టు చల్లి ఉంచితే శుభ్రం చేయడం ఐదు నిమిషాల పని. గుడ్ల పెట్టె మూత బయటి నుంచి తెరుచుకుంటుంది. బిగించడం ఇద్దరికి గంటన్నర పని. చెక్క పలచన, రంగు అప్పుడే పొరలుగా లేస్తోంది, మళ్లీ వేయాలి. చెక్క సందుల్లో, ఫెల్టు కింద ఎర్ర పేలు దాక్కుని రాత్రిపూట కోళ్ల రక్తం తాగుతాయి కాబట్టి అప్పుడప్పుడూ రాత్రి టార్చి వేసి కర్ర చివర్లు చూస్తుంటాను. ఆ బెడద తగ్గాలంటే, కడగడం సులువవ్వాలంటే ప్లాస్టిక్ గూడు మేలు, దానికి కూడా పైన గాలి కన్నాలున్నాయో లేదో చూసుకోవాలి.

రెండు పెట్టలకైతే, పైన చెప్పిన మరమ్మతులు చేసుకునే ఓపిక ఉంటే తీసుకోవచ్చు. మూడింటికి పెరట్లో వదిలే వీలుండాలి. ఇంట్లో పిల్లలు నాలుగోదాన్ని తెద్దామని గొడవ చేస్తున్నారు, దీని పక్కన ఇంకో గూడు పెట్టేదాకా తేనని చెప్పేశాను.