హైదరాబాద్ నుంచి కశ్మీర్ ప్యాకేజీ: ఏర్పాట్లు మెరుగు, షరతులు అరకొర

గత అక్టోబరు చివరలో హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్స్ సంస్థ ద్వారా కుటుంబంతో కశ్మీర్ వెళ్లాము. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ సమీపంలోని బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపిన నాటి నుంచి ఈ ప్రయాణంపై ఇంట్లో తర్జనభర్జన సాగుతూనే ఉంది. మృతుల్లో విశాఖపట్నం, కావలికి చెందినవారు కూడా ఉండటంతో మా పెద్దలకు అది ఎక్కడో జరిగిన వార్తగా అనిపించలేదు.

బస, వాహనం, భోజనం విషయంలో సంస్థ చెప్పినదానికీ చేసినదానికీ తేడా రాలేదు. పహల్గామ్ నుంచి ఆరు వ్యాలీ, బేతాబ్ వ్యాలీ అనే లోయలకు స్థానిక యూనియన్ టాక్సీలోనే వెళ్లాలని, ఆ ఖర్చు విడిగా ఉంటుందని, మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవని ముందే తెలియజేశారు. రంగు మారిన చినార్ చెట్ల కింద నిషాత్ బాగ్‌లో నడవడం, పాంపోర్ పొలాల్లో కుంకుమపువ్వు కోత చూడడం పెట్టిన ఖర్చుకు తగిన ఫలమే. దారి పొడవునా జరిగిన తనిఖీలు నాకు విసుగు పుట్టించినా మా అమ్మకు మాత్రం ధైర్యాన్నిచ్చాయి.

అసలు లోపం ఒప్పంద పత్రంలో ఉంది. దాడి తర్వాత ప్రభుత్వం 48 పర్యాటక స్థలాలను మూసివేసి, విడతలవారీగా తెరుస్తూ వచ్చింది. అయినా మాకిచ్చిన కార్యక్రమంలో అప్పటికింకా మూసి ఉన్న చోటు ఒకటి కనిపించింది, అడిగితే "అక్కడికి వెళ్లాక చూద్దాం సార్" అన్నారు. అంతకంటే ముఖ్యంగా, ప్రయాణికుడు మానుకుంటే ఎంత కోత విధిస్తారో వివరంగా రాసినవారు, ప్రాంతమే మూతపడితే ఏమి చేస్తారో రాయలేదు. ఇది ఊహకందని విషయమేమీ కాదు: 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో శ్రీనగర్ విమానాశ్రయం కొన్ని రోజులు పౌర విమానాలకు మూతపడింది. అలాంటప్పుడు విమాన టికెట్ సొమ్ము తిరిగి వచ్చినా, హోటల్‌కు, వాహనానికి కట్టిన అడ్వాన్సు నష్టాన్ని ఎవరు భరించాలో ముందే తేలాలి. ప్రయాణ బీమా ఆదుకుంటుందనుకోవడానికీ లేదు, యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి.

కాల్పుల భయాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం కూడా సరికాదు. అదే ఏడాది ఆగస్టు వరదలకు జమ్మూ వైపు రహదారి, రైలు రాకపోకలు రెండూ స్తంభించాయి. చీనాబ్ వంతెన మీదుగా కత్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్ ఉందని భరోసా ఇచ్చే ఏజెంటు ఈ సంగతినీ చెప్పాలి.

అవసరమైతే సెలవు రెండు మూడు రోజులు పొడిగించుకోగలవారికి ఈ ప్యాకేజీని సిఫారసు చేస్తాను. నిర్ణీత తేదీకి డ్యూటీలో చేరవలసినవారు, క్రమం తప్పకుండా వైద్యం అవసరమైన పెద్దలను వెంట తీసుకువెళ్లేవారు కొంతకాలం ఆగడమే మంచిది. ఏర్పాట్లకు ఐదింటికి నాలుగు నక్షత్రాలు, షరతులకు ఒకటిన్నర. మూసివేత జరిగితే ఎంత వాపసు ఇస్తారో సొమ్ము కట్టే ముందే కాగితం మీద రాయించుకోండి. మేము పట్టుబట్టాక మాకు అలా రాసి ఇచ్చారు.