కోనసీమ మట్టిలో పాత ఆర్‌ఎక్స్ 100: కొత్త బళ్లతో ఏళ్ల తరబడి పోటీపడ్డాక నా సమీక్ష

ముందు తీర్పు చెప్పేసి తర్వాత కారణాల్లోకి వెళ్తానండి. ట్రాకు చిన్నదై, మలుపులు దగ్గరదగ్గరగా ఉండి, నేలలో కాస్త తడి ఉంటే యమహా వాళ్ల పాత టూస్ట్రోక్ బండి ఆర్‌ఎక్స్ 100 ఇవాళ్టికీ హీరో వాళ్ల ఫోర్‌స్ట్రోక్ ఎక్స్‌పల్స్ 200ని వెనక్కి నెట్టేసి వెళ్తుంది. అదే ట్రాకు పొడవై, గతుకులు పడిపోయి, ఎగిరి దూకాల్సిన దిబ్బలుంటే ఆశ పెట్టుకోనక్కర్లేదు. చాలామంది దీనికి కారణం ఇంజిన్ అనుకుంటారు. నా లెక్కలో అసలు కారణం షాకబ్జర్లు.

మాది అమలాపురం దగ్గర పల్లె. మా వైపు ఈ మట్టి ట్రాకు బండ్ల పోటీలన్నీ ఎండాకాలంలోనే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి, ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు కట్టేశాక చేలు ఖాళీ అవుతాయి. ఎవరో ఒక రైతు నాలుగెకరాలు ఇస్తాడు. ట్రాక్టరు పెట్టి గట్లు చదును చేయించి, మట్టి పోగేసి దిబ్బలు కట్టిస్తారు. దుమ్ము లేవకుండా ముందురోజు సాయంత్రం ట్యాంకరుతో నీళ్లు కొడతారు. ఒండ్రునేల కదండీ, నీళ్లు పడేసరికి పైన అంగుళం మేర జిగురు బంకమట్టి, కింద నెర్రెలిచ్చిన గట్టి నేల. చక్రానికి పైన పట్టు దొరకదు, కింద దెబ్బ తప్పదు. లంకల్లో పెడితే ఆ లెక్కే వేరు. అక్కడ ఇసుకలో చక్రం సగానికి దిగబడిపోతుంది, బండిని గుంజుకుంటూ పోవాలి.

ఇప్పుడు బండి సంగతి. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగింది. 98 సీసీ, బోరు (సిలిండర్ వ్యాసం) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లే. కంపెనీ లెక్కన 11 హార్స్‌పవర్. నేను కొన్నప్పటికే నా బండికి సైడ్ కవర్లు లేవు, ట్యాంకు తుప్పు పట్టి ఉంది. అందుకే ధైర్యంగా కోయించాను. పోర్టులు, అంటే సిలిండర్‌లో గాలి, పొగ పోయే దారులు, పాలిష్ చేయించి, మామూలు సైలెన్సర్ తీసేసి ఎక్స్‌పాన్షన్ చాంబర్ పెట్టించాను. వెనక స్ప్రాకెట్‌కి పళ్లు పెంచాను, మడ్‌గార్డులు పైకి లేపించాను, ఆఫ్‌రోడ్ టైర్లు వేయించాను.

ఎక్స్‌పాన్షన్ చాంబర్ ఏం చేస్తుందో కొత్త కుర్రాళ్లకు చెప్పాలి. టూస్ట్రోక్‌లో పొగ బయటకు పోయే దారి, కొత్త పెట్రోల్ గాలి లోపలికొచ్చే దారి కాసేపు రెండూ ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. అందువల్ల కొంత పచ్చి పెట్రోల్ గాలి కాలకుండానే పొగతోపాటు బయటకు జారిపోతుంది. చాంబర్‌లో చివరన సన్నబడే శంకు భాగం ఉంటుంది. పొగ వెళ్లినప్పుడు పుట్టే ఒత్తిడి అల అక్కడ కొట్టుకుని వెనక్కి తిరిగొచ్చి, జారిపోయినదాన్ని పోర్టు మూసుకునేలోపు మళ్లీ సిలిండర్‌లోకి తోసేస్తుంది. ఈ అల సరిగ్గా సమయానికి తిరిగి రావడం కొన్ని ఆర్‌పీఎంల (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల) మధ్యే జరుగుతుంది. ఆ మధ్యలో బండి విరుచుకుపడుతుంది. కిందకు పడిపోతే నీరసించిపోతుంది. టూస్ట్రోక్ రేసంతా ఆ కొంచెం జాగాలో ఇంజిన్‌ని నిలబెట్టుకోవడమే.

మరి ఇంత చిన్న బండిని ఎక్స్‌పల్స్‌తో ఒకే పోటీలో ఏ లెక్కన కలిపారంటారా? ప్రపంచమంతా వాడిన లెక్కే. 1997లో డగ్ హెన్రీ అనే అమెరికన్ రైడర్ లాస్ వేగాస్ సూపర్‌క్రాస్‌ని (స్టేడియంలో మట్టి ట్రాకు కట్టి పెట్టే పోటీ) యమహా ఫోర్‌స్ట్రోక్ నమూనా బండి మీద గెలిచాడు. మరుసటేడు అదే బండి వైజెడ్ 400ఎఫ్ పేరుతో అమ్మకానికొచ్చింది. ఫోర్‌స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే పేలుడు, టూస్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ పేలుడు. అందుకని ఫోర్‌స్ట్రోక్‌కి సీసీలు ఎక్కువిచ్చారు. 125 టూస్ట్రోక్ పక్కన 250 ఫోర్‌స్ట్రోక్ నిలబడింది. పదేళ్లు తిరక్కుండానే టూస్ట్రోక్‌లు పెద్ద పోటీల్లోంచి దాదాపు తప్పుకున్నాయి. 2007 మోడల్ తర్వాత హోండా తన సీఆర్ రకం టూస్ట్రోక్ మోటోక్రాస్ బళ్లు ఆపేసింది. యమహా మాత్రం తన టూస్ట్రోక్ వైజెడ్ 125ని వదల్లేదు, 2022లో కొత్త ఇంజిన్‌తో మళ్లీ తీసుకొచ్చింది. మా పొలంలో 98 సీసీ పక్కన 199.6 సీసీ. అదే రెట్టింపు లెక్క.

కాగితం మీద చూస్తే పోటీ దగ్గరగానే ఉంటుంది. మొదట వచ్చిన ఎక్స్‌పల్స్ 18.4 హెచ్‌పీ, 154 కిలోలు. మన బండి 11 హెచ్‌పీ, నూరు కిలోలకు కాస్త అటూ ఇటూ. శక్తిని బరువుతో భాగిస్తే రెండూ దాదాపు ఒకచోటే తేలతాయి. కానీ పైన మనిషి ఎక్కాడంటే లెక్క మారుతుంది. అరవై అయిదు కిలోల మనిషి నూరు కిలోల బండికి పెద్ద బరువు, నూట యాభై కిలోల బండికి అంత కాదు. అందుకే నేరుగా సాగే దారిలో ఎక్స్‌పల్స్ ముందుకెళ్లిపోతుంది. పోర్టింగ్, చాంబర్ ఆ తేడాని కొంత పూడుస్తాయి, పూర్తిగా కాదు.

మరి గెలిచేదెక్కడ? మలుపులో. జెండా పడగానే మొదటి మలుపు దాకా ఉన్న ఆ కాస్త దూరంలో మన బండి ముందుంటుంది, ఎందుకంటే వెనక స్ప్రాకెట్ పళ్లు పెంచాం కదా, మొదట్లో గట్టిగా లాగుతుంది. తడి మలుపులో కాలు దించి వెనక చక్రం జారనిచ్చి బండిని తిప్పేయొచ్చు. ఎక్స్‌పల్స్ అబ్బాయి అదే చోట బరువు సర్దుకోడానికి ఎక్సలేటర్ వదలాలి. ఆ వదిలిన క్షణమే మనది. అయితే క్లచ్ మీద రెండు వేళ్లు ఎప్పుడూ ఉండాలి. మలుపు మధ్యలో ఆర్‌పీఎం పడిపోబోతుంటే క్లచ్ కాస్త నొక్కి వదిలి ఇంజిన్‌ని మళ్లీ పైకి లేపాలి. ఫోర్‌స్ట్రోక్‌లో ఈ బాధ లేదు, కింద నుంచే లాగుతుంది. ఎక్సలేటర్ వదిలితే ఇంజినే వేగం తగ్గించే ఇంజిన్ బ్రేకూ దానికుంది, మనకు దాదాపు లేనట్టే. మనవి రెండూ డ్రమ్ బ్రేకులు, లోపలికి నీళ్లు దిగితే ఆ రౌండంతా పట్టవు.

ఇక అసలు కష్టం షాకబ్జర్లు. ఎక్స్‌పల్స్ ముందు ఫోర్కు 190 మిల్లీమీటర్లు, వెనకది 170 మిల్లీమీటర్లు కదులుతుంది. ముందు చక్రం 21 అంగుళాలు, గతుకు మీద ఎక్కి దిగుతుంది. మనది రోడ్డు కోసం చేసిన బండి, 18 అంగుళాల చక్రం, ఆ గతుకులోకే దిగుతుంది. నేను ముందు పెద్ద బండి ఫోర్కు, వెనక గ్యాస్ షాకులు వేయించి చూశాను. బాగుపడింది, సందేహం లేదు. కానీ పొద్దున్న తడిగా నున్నగా ఉన్న ట్రాకు మధ్యాహ్నానికి ఎండి, చాళ్లు పడి, చాళ్ల అంచులు రాయిలా గట్టిపడతాయి. అప్పుడు దిబ్బ దిగే ప్రతిసారీ వెనక షాకు చివరిదాకా కొట్టుకుని ఆ దెబ్బ వెన్నులోకి వస్తుంది. పొద్దుటి రౌండ్లలో నేను ముందుంటాను. మధ్యాహ్నం ఫైనల్లో నాకంటే చిన్నవాళ్లు నవ్వుతూ దాటేస్తారు. సిటీ నుంచి ఒక్కోసారి అసలైన మోటోక్రాస్ బండ్లు వస్తాయి, 300 మిల్లీమీటర్లకు పైగా కదిలే షాకులతో. వాటితో మనకు పోలికే పెట్టకూడదు.

మా నేలకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఈ ఇంజిన్‌ని చల్లబరిచేది గాలి, అది ఫిన్నుల (సిలిండర్ చుట్టూ ఉండే పల్చటి రెక్కల) సందుల్లోంచి పోవాలి. రెండు రౌండ్లు తిరిగేసరికి బంకమట్టి ఆ సందుల్లో కూరుకుపోయి వేడికి ఎండి ఇటుక ముక్కలాగా బిగుసుకుంటుంది. నీళ్లు కొట్టి కడుగుదామంటే వేడి సిలిండర్‌కి ప్రమాదం. మా మెకానిక్ బాబాయ్ కొబ్బరి ఈనెపుల్లల కట్ట వెంట తెస్తాడు. రౌండుకీ రౌండుకీ మధ్య చెట్టుకింద గొంతుక్కూచుని ఒక్కో సందులోంచీ మట్టి గీకుతాడు.

“ఏరా అబ్బాయ్, దీనికి ఊపిరాడద్దా? ఎలా నడిపేత్తన్నావ్?”

“ఆయ్, ఈసారి ముందు మడ్‌గార్డు ఇంకాస్త కిందికి దింపుతాను బాబాయ్.”

“దింపితే చక్రానికి మట్టి పట్టేత్తాది. నువ్వలా వదిలెయ్, నేను గీకుతా.”

ఆయన మాటే నిజం. మడ్‌గార్డు కిందికి దింపిన బండ్లు చక్రం తిరక్క ట్రాకు మధ్యలో ఆగిపోవడం చాలాసార్లు చూశాను.

జెట్టింగ్, అంటే కార్బొరేటర్‌లో పెట్రోల్ వదిలే చిన్న రంధ్రం (జెట్) సైజు సరిచూసుకోవడం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇక్కడే చాలా ఇంజిన్లు పోతున్నాయి. మా వైపు గాలిలో తేమ ఎక్కువ, మధ్యాహ్నం వేడి ఎక్కువ. అలాంటి గాలిలో ఆక్సిజన్ తక్కువ, అంటే మిశ్రమంలో పెట్రోల్ పాలు ఎక్కువై ప్లగ్ నల్లబడుతుంది. మెయిన్ జెట్ ఒక సైజు తగ్గించమంటుంది. ఇంకోపక్క ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి అది జెట్ పెంచమంటుంది. రెండూ ఒకదానికొకటి ఎదురు. పుస్తకంలో ఉన్న నంబరు పట్టుకుంటే కుదరదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫుల్ ఎక్సలేటర్ మీద ఒక చుట్టు తిప్పి, అక్కడికక్కడే ఇంజిన్ ఆపి ప్లగ్ విప్పి చూడాలి. టీ రంగు ఉంటే సరే. తెల్లగా ఉంటే వెంటనే జెట్ పెంచండి, పిస్టన్ కరగడానికి దగ్గర్లో ఉన్నారు. ఆయిల్ నేను లీటరుకు 30 మిల్లీలీటర్లు కలుపుతాను. రేసు అయ్యాక ట్యాంకులో, కార్బొరేటర్‌లో చుక్క మిగల్చను. ఇథనాల్ మన గాలిలోని తేమని పీల్చుకుంటుంది. వారం వదిలేస్తే కార్బొరేటర్ గిన్నె అడుగున నీళ్లు కనిపిస్తాయి.

మరమ్మతు విషయంలో దీన్ని మించింది లేదు. హెడ్డులో వాల్వులు లేవు, క్యామ్ లేదు, టైమింగ్ చైన్ లేదు. హెడ్డు, సిలిండర్ విప్పితే పిస్టన్ చేతికొచ్చేస్తుంది. బోరు అరిగితే 0.25 మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయొచ్చు. కాలువలో పడి ఇంజిన్‌లోకి నీళ్లు పోయినా, ప్లగ్ తీసి, బండి తలకిందులు చేసి కిక్కులు కొడితే నీళ్లు బయటకొస్తాయి, అదే సాయంత్రం ఇంటికి నడుపుకుంటూ రావచ్చు. గేరుబాక్సు ఆయిల్ విడిగా ఉంటుంది కాబట్టి అది చెడదు. కాకపోతే నకిలీ స్పేర్లతో జాగ్రత్త. ఒకసారి ఒక షాపులో కొన్న కొత్త ఆయిల్ సీల్ (క్రాంకు చివర గాలి, ఆయిల్ దూరకుండా ఆపే రబ్బరు రింగు) పది ల్యాపులకే పోయింది. అది మ్యాగ్నెట్ వైపు సీల్, అక్కడి నుంచి ఇంజిన్ గాలి పీల్చింది, ఎక్సలేటర్ వదిలినా ఆర్‌పీఎం దిగలేదు, ఆ మరుక్షణం పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం లాక్ అయ్యి గట్టు మీద పడ్డాను.

మంచి పేపర్లు, మంచి రంగు, ఒరిజినల్ భాగాలతో ఉన్న ఆర్‌ఎక్స్‌ని దయచేసి రేసు కోసం కోయకండి. అలాంటివి ఊళ్లో రెండో మూడో మిగిలాయి, ముప్పై ఏళ్ల బండికి ఇప్పుడు కొత్త బండి ధర చెప్తున్నారు. పొలంలో తిప్పడానికి పైన తుప్పు పట్టి కింద ఇంజిన్ బతికున్నది చాలు. చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిన్ వేడెక్కాక ఎక్సలేటర్ వదిలి వినండి. ఆర్‌పీఎం వెంటనే దిగాలి, వేలాడితే మ్యాగ్నెట్ వైపు సీల్ పోయినట్టే. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తుంటే క్లచ్ వైపు సీల్ గేరు ఆయిల్ తాగుతోంది. ప్లగ్ విప్పి, కిక్కు మీద చెయ్యేసి నెమ్మదిగా నొక్కండి, క్రాంకు దగ్గర టకటక వినిపిస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. సముద్రం దగ్గరి ఊళ్ల బండి అయితే, అంతర్వేది వైపుది గానీ ఓడలరేవు వైపుది గానీ, సీటు తీయించి వెనక షాకు బిగించే చోట ఛాసిస్ గొట్టాన్ని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. ఉప్పుగాలికి లోపల నుంచే తినేస్తుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.