సీజ్ ‘డ్రాప్ డెడ్’ ఎల్పీ: వేగానికి పేరు, నెమ్మదికి నా ఓటు

గిటారు సోలోలు, వెంట పాడుకోదగిన పల్లవులు కావాలనుకునేవాళ్లు ఈ ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) జోలికి పోకండి. హార్డ్‌కోర్ (పంక్ రాక్‌లో మరింత వేగమైన, కటువైన శాఖ) బృందం సీజ్ దగ్గర అవేవీ దొరకవు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వేమత్ అనే ఊరి కుర్రాళ్లు నలుగురు 1984లో బోస్టన్‌లోని రేడియోబీట్ స్టూడియోకు వెళ్లి, ఆరు పాటలు రికార్డు చేసి, డెమో (నమూనా) క్యాసెట్‌గా వదిలారు. మరుసటి ఏడు ఇంకో మూడు పాటలు ‘క్లెన్స్ ద బ్యాక్టీరియా’ అనే సంకలనంలో వచ్చాయి. దాన్ని కూర్చినవాడు పస్‌హెడ్. తర్వాతి కాలంలో మెటాలికా అనే హెవీ మెటల్ బృందం టీషర్టుల మీద పుర్రెలు గీసింది ఈయనే. ఎనభైల నాటి సీజ్ నుంచి మనకు మిగిలింది దాదాపు ఇంతే. ఆ తొమ్మిది పాటలనూ ఒకచోట చేర్చి మళ్లీ అచ్చువేసిన ఎల్పీ ఇది.

అప్పట్లో ఇలాంటి సంగీతం ఎక్కువగా టపాలోనే ప్రయాణించేది. ఒకరి క్యాసెట్‌ను ఇంకొకరు ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకుని మరొకరికి పంపేవారు. కాపీకి కాపీ తీస్తూ పోతే సన్నని స్వరాలు మాసిపోతాయి, బుసబుస పెరుగుతుంది, డ్రమ్ములూ గిటారూ కలిసిపోయి ఒకటే రొద మిగులుతుంది. నేను మొదట విన్నవీ అలాంటి క్యాసెట్ నుంచి ఎవరో కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఫైళ్లే. పాటల పేర్లు తారుమారు. బేస్ గిటారు ఉన్నట్టే తెలిసేది కాదు.

ఎల్పీలో అది వినిపిస్తోంది. హ్యాంక్ మెక్‌నమీ బేస్ మీటు కింద గట్టి నేలలా ఉండబట్టే, పైన రాబ్ విలియమ్స్ డ్రమ్ములు అంతలా పరుగెత్తగలుగుతున్నాయి. ఆ డ్రమ్ములను ఒకసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మిగతావన్నీ మరిచిపోయి వినండి. లయ కంప్యూటర్ గీసిన గీతలా ఉండదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య కాస్త హెచ్చుతగ్గులున్నాయి, వాయించే మనిషి చేతులు తెలుస్తుంటాయి. ఇప్పటి బృందాలు దీనికంటే వేగంగానే వాయిస్తున్నాయి, కానీ అదుపు తప్పుతుందేమోనన్న ఈ ప్రమాదం వాటిలో లేదు. 1987లో ‘స్కమ్’ ఆల్బమ్ తెచ్చిన బ్రిటన్ బృందం నాపామ్ డెత్ మీద సీజ్ ప్రభావం చాలా ఉంది. 2004లో వాళ్లు సీజ్ పాట ‘కన్‌ఫార్మ్’ను తామే వాయించి ఆ రుణం తీర్చుకున్నారు.

వేగం గురించి ఇంత చెప్పాక అసలు సంగతికి వస్తాను. ఈ రికార్డులో నేను మళ్లీ మళ్లీ వింటున్నది అన్నిటికంటే నెమ్మదైన ‘గ్రిమ్ రీపర్’. మిగతావి చాలావరకు నిమిషం, రెండు నిమిషాల్లో తేలిపోతే ఇది ఏడు నిమిషాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. అంతవరకూ గొంతు చించుకున్న కెవిన్ మహోనీ ఇందులో శాక్సోఫోన్ అందుకుంటాడు. జాజ్ సొగసు ఏమీ ఉండదు. గిటారు గీపెట్టే చోట శాక్సోఫోన్ కూడా గీపెడుతుంది, ఏది ఏదో తేల్చుకోవడం కష్టం. ఆ 1984లోనే బ్లాక్ ఫ్లాగ్ అనే హార్డ్‌కోర్ బృందం కూడా ‘మై వార్’ ఆల్బమ్ రెండో వైపంతా నెమ్మది పాటలతో నింపింది. హార్డ్‌కోర్ అంటే పరుగే అనుకున్న శ్రోతల్లో చాలామందికి అది మింగుడుపడలేదు. ‘గ్రిమ్ రీపర్’ అంతకంటే మొండిది. ముగిసేసరికి పళ్లు బిగబట్టి కూర్చుని ఉంటాను.

ఇబ్బందులూ ఉన్నాయి. పూర్తి ఎల్పీ ధర పెడితే చేతికొచ్చే సంగీతం ఇరవై నిమిషాలు కూడా ఉండదు. మహోనీ ఏమంటున్నాడో అర్థం కావాలంటే సాహిత్యం పక్కన పెట్టుకోవాల్సిందే. ఆకలి, యుద్ధం, మందలో కలిసిపోవడం, అన్నిటి మీదా ఒకే స్థాయిలో కోపం. దానికి తోడు నాకు పంపినవారు పల్చటి అట్టలో చుట్టి పంపడంతో కవరు మూల నలిగిపోయింది.

ఇదే దారిలో వినదగినవి ఇంకా ఉన్నాయి. డీప్ వూండ్ అనే బృందం 1983 నాటి చిన్న రికార్డు ఒకటి: డ్రమ్ములు జె మాస్కిస్, గిటారు లూ బార్లో. తర్వాత ఈ ఇద్దరే డైనోసార్ జూనియర్ అనే రాక్ బృందంలో కనిపిస్తారు. మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్ ఊరి బృందం రిపల్షన్ 1986లో రికార్డు చేసిన ‘హారిఫైడ్’ ఎల్పీగా రావడానికి 1989 దాకా పట్టింది. దాన్ని బయటికి తెచ్చింది కార్కస్ బృందంలోని ఇద్దరు. పద్దెనిమిది పాటలు, అరగంట లోపే. శవాలు, పురుగులు, దయ్యాల సినిమా సరదా. అయినా ప్రతి పాటకూ గుర్తుండిపోయే గిటారు వరస ఒకటి ఉంది.

ఒక్కదానికే డబ్బులుంటే ముందు రిపల్షన్ కొనండి. అది ఒంటబట్టాక సీజ్ వైపు రండి. ‘గ్రిమ్ రీపర్’ను మాత్రం దాటవేయకండి. అదీ నచ్చకపోతే ఆ ఎల్పీ నాకే అమ్మేయండి, కవరు మూల నలగనిదైతే.