'ది రైట్ స్టఫ్', 'ఫస్ట్ మ్యాన్': ఏది మేలు?

అమెరికాలో టెస్ట్ పైలట్లు వ్యోమగాములైన కాలాన్ని చూపిన చిత్రాలలో ఫిలిప్ కాఫ్‌మన్ 1983లో తీసిన 'ది రైట్ స్టఫ్', డేమియన్ షజెల్ 2018లో తీసిన 'ఫస్ట్ మ్యాన్' పక్కపక్కన పెట్టి చూడదగినవి. మొదటిది 1947 నుంచి 1963 దాకా ఒక గుంపు కథ చెబుతుంది. రెండవది 1961 నుంచి 1969 దాకా నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడి వెంటే నడుస్తుంది. రెండూ మొదలయ్యేది కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారి మీదనే. తెలంగాణ మూలాలున్న రాజాచారి నాసా వ్యోమగామి కాకముందు టెస్ట్ పైలట్‌గా పనిచేసిన ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం ఉన్నదీ అక్కడే. ఒక్క సినిమాకే తీరిక ఉన్నవారికి నేను పాతదే చూడమంటాను, కాని కొత్తదానికి దక్కవలసిన మెప్పు ముందు చెప్పాలి.

విమానం లోపల కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పడంలో 'ఫస్ట్ మ్యాన్'కు సాటి లేదు. ఎక్స్-15 రాకెట్ విమానం 2,07,500 అడుగుల ఎత్తుకు వెళ్లి, దిగి వచ్చేటప్పుడు ముక్కు కొంచెం ఎక్కువసేపు పైకెత్తి ఉండడం వల్ల పలుచని గాలి మీద మళ్లీ పైకి తేలిపోయే మొదటి ఘట్టంలో మనకు ఆకాశం కనిపించేది చిన్న కిటికీలోంచే. మిగతాదంతా రేకుల గిలగిల, బోల్టుల కిరకిర, గేజిలలో వణికే ముళ్లు. జెమినీ-8 అంతరిక్షనౌక ప్రయోగానికి ముందు బెల్టు బకిల్ సరిచేయడానికి చాకు కోసం వెతుక్కోవడం, మూతపడిన ఇరుకు క్యాబిన్‌లో ఒక ఈగ తిరుగుతూ ఉండడం చూశాక, అంత ఖర్చుతో కట్టిన యంత్రం ఎంత నాటుగా ఉండేదో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. 1966 మార్చి 16న కక్ష్యలో నౌకను తిప్పే చిన్న రాకెట్ (థ్రస్టర్) ఒకటి ఆగకుండా మండి, నౌక సెకనుకు దాదాపు ఒక చుట్టు చొప్పున గిరగిరా తిరిగిన ఘట్టాన్ని కూడా లోపలి నుంచే చూపారు. తలతిరుగుడు ఉన్నవారు ఆ కాసేపు కళ్లు పక్కకు తిప్పుకోవడం మంచిది.

అయితే ఆ క్యాబిన్ బయట ఏమి జరిగిందో, ఎగరడమే వృత్తిగా బతికినవారు ఒక డబ్బాలో కూర్చోవడానికి ఎందుకు ఒప్పుకున్నారో కొత్త చిత్రం పెద్దగా పట్టించుకోదు. పాత చిత్రానికి ప్రాణం ఆ ప్రశ్నే. టెస్ట్ పైలట్ చక్ యేగర్ 1947 అక్టోబర్ 14న ధ్వని వేగాన్ని దాటాడు. అంతకు రెండు రాత్రుల ముందు గుర్రం మీదనుంచి పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. కుడిచేయి లేవని ఆ స్థితిలో ఎక్స్-1 రాకెట్ విమానం తలుపు గడియ బిగించుకోవడానికి తోటి పైలట్ జాక్ రిడ్లీ ఒక చీపురు కర్ర కోసి ముక్క ఇచ్చాడు. ఇది జరిగిన సంగతే, చిత్రంలో ఏ ఆర్భాటమూ లేకుండా వస్తుంది. ఇంతటి మనిషి 1959లో వ్యోమగాముల కోసం నాసా ఇచ్చిన పిలుపుకు పనికిరాలేదు, ఎందుకంటే కాలేజీ పట్టా లేదు. తొలి వ్యోమగాములుగా ఎంపికైన ఏడుగురేమో తాము నడిపేది విమానమో, కోతిని పంపిన డబ్బాయో తేలక, కిటికీ కావాలని ఇంజనీర్లతో పోట్లాడవలసి వచ్చింది. హాస్యం, అసూయ, అవమానం కలగలిసిన ఆ పోట్లాట చూస్తేగాని, పైలట్ అన్న మాటకు వ్యోమగామి అన్న మాటకు మధ్య ఎంత ఎడముండేదో తెలియదు.

ఇక నిజం సంగతి. రెండు చిత్రాలూ చరిత్రను వంచాయి, వంచిన తీరు మాత్రం ఒకటి కాదు. ఎక్స్-15 ఘట్టం జరిగింది 1962 ఏప్రిల్ 20న. ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు కారెన్ అదే ఏడాది జనవరి 28న చనిపోయింది. 'ఫస్ట్ మ్యాన్' ఆ వరుసను తిరగేసి, పాప చేతి గొలుసును చంద్రుడి మీద వదిలిన దృశ్యాన్నీ కల్పించింది. ఇది ఎవరికీ చెడ్డపేరు తేని కల్పన. 'ది రైట్ స్టఫ్' చేసినది అంతకన్నా బరువైన తప్పు. 1961 జూలై 21న ఆ ఏడుగురిలో ఒకడైన గస్ గ్రిసమ్ అంతరిక్షం నుంచి వచ్చి సముద్రంలో దిగాక క్యాప్సూల్ తలుపు పేలి ఊడిపోయింది, క్యాప్సూల్ మునిగిపోయింది. అతడు కంగారుపడి తానే పేల్చాడన్న అనుమానం చూసేవారికి కలిగేలా చిత్రం నడిచింది. తరువాత ఆ ఏడుగురిలో మరొకడైన వాలీ షిర్రా తన తలుపును కావాలనే పేల్చినప్పుడు మీట ఎదురుదెబ్బకు చేయి కమిలింది, గ్రిసమ్ చేతికి అలాంటి గుర్తు లేదు. 1967లో అపోలో-1 అగ్నిప్రమాదంలో చనిపోయిన మనిషి మీద అలాంటి మచ్చ మిగల్చడం నేను క్షమించలేను. ఇది తెలిసి చూసినా పాతదాని విలువ పోదు, తెలియక చూడకూడదు.

భార్యల విషయంలోనూ నా మొగ్గు పాతదానికే. భర్త గొంతు వినిపించే స్పీకర్‌ను ఆపేస్తే జానెట్ ఆర్మ్‌స్ట్రాంగ్ నేరుగా నియంత్రణ కేంద్రానికి వెళ్లి నిలదీయడం గొప్ప ఘట్టమే. అయినా నత్తి ఉన్న యానీ గ్లెన్ టీవీ కెమెరాలతో వచ్చిన ఉపాధ్యక్షుడిని ఇంట్లోకి రానివ్వనప్పుడు, ఫోనులో ఆమె భర్త, వ్యోమగామి జాన్ గ్లెన్ ఆమె పక్షాన నిలబడిన ఆ రెండు నిమిషాలు, ధైర్యం విమానానికే పరిమితం కాదని చూపించాయి.

ఒక మినహాయింపు ఉంది. కొత్త చిత్రంలో చంద్రుడి మీది భాగాన్ని ఐమ్యాక్స్ కెమెరాతో తీశారు. పెద్ద తెర దొరికితే ఆ ఒక్క రాత్రికి నా తీర్పు మారుతుంది, ఫోనులోనైతే మారదు. పాతది 193 నిమిషాలు, కాబట్టి రెండు విడతలుగా చూసినా నష్టం లేదు. ఎడారిలోని పాంచో బార్‌లో వెనకగా మెసిలే ముసలి పనివాడిని మాత్రం గమనించండి. ఆ వేషం వేసింది నిజమైన చక్ యేగరే.