ఎక్స్‌క్లూజివ్ యాక్సెసా, వన్‌టైమ్ పాస్‌వర్డా?

సంస్థల్లోని కీలక అడ్మిన్ అకౌంట్ల పాస్‌వర్డ్‌లను కాపాడే సాఫ్ట్‌వేర్ సైబర్‌ఆర్క్. దాని పరీక్షకు చదివేవాళ్లను తికమక పెట్టే రెండు రూల్స్ మాస్టర్ పాలసీలో, అంటే మొత్తం వ్యవస్థకు వర్తించే ప్రధాన నియమాల జాబితాలో, పక్కపక్కనే ఉంటాయి.

చెక్-ఇన్, చెక్-అవుట్ ఎక్స్‌క్లూజివ్ యాక్సెస్ ఆన్ చేస్తే ఒక అకౌంట్‌ను ఒకసారికి ఒక్కరే తీసుకోగలరు. సర్వర్‌లో ఏదైనా మారితే అప్పుడు అకౌంట్ ఎవరి చేతిలో ఉందో తేల్చడం తేలిక. నలుగురు పంచుకునే అడ్మిన్ అకౌంట్లకు ఇది తప్పనిసరి అనే అంటాను. చిక్కల్లా ఒకటే: తీసుకున్నవాళ్లు చెక్-ఇన్ చేయకుండా (తిరిగి అప్పగించకుండా) వెళ్లిపోతే అకౌంట్ లాక్‌లోనే ఉండిపోతుంది. అన్‌లాక్ చేసే అనుమతి ఉన్నవాళ్లు వచ్చి విడిపించాలి. ఇక టెన్షన్ మొదలు!

వన్‌టైమ్ పాస్‌వర్డ్ రూల్ ఎంతమంది వాడుతున్నారో పట్టించుకోదు. పాస్‌వర్డ్ చూశాక, ప్లాట్‌ఫామ్‌లో (ఆ రకం అకౌంట్ల సెట్టింగ్‌లలో) పెట్టిన మినిమమ్ వ్యాలిడిటీ పీరియడ్, అంటే పాస్‌వర్డ్ చెల్లే కనీస వ్యవధి, గడిస్తే సీపీఎం (పాస్‌వర్డ్‌లను ఆటోమేటిక్‌గా మార్చే సైబర్‌ఆర్క్ భాగం) దాన్ని మార్చేస్తుంది. ఆ లోపు ఇద్దరు అదే పాస్‌వర్డ్ తీసుకుంటే పని ఎవరిదో చెప్పడం కష్టం.

రెండూ కలిపి పెడితే, వ్యవధి ముగిశాక సీపీఎం పాస్‌వర్డ్ మార్చి లాక్ కూడా తీసేస్తుంది. ప్రశ్నలో వ్యక్తిగత బాధ్యత గురించి అడిగితే ఎక్స్‌క్లూజివ్ వైపు, చూసిన పాస్‌వర్డ్ మళ్లీ పనికిరాకూడదంటే వన్‌టైమ్ వైపు మొగ్గండి.