పాత టేకు భోషాణానికి ఏది మేలు: లక్క పాలిషా, పీయూనా?

సంక్రాంతికి ఇంటికొచ్చిన చుట్టాలంతా ఒకటే ప్రశ్న: "అమ్మమ్మగారి భోషాణానికి ఏం వేయించావు?" లక్కే వేయించాను. మా వడ్రంగి ఆచారి గారు మాత్రం పీయూ, అంటే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ లాంటి గట్టి పూత, వేయిద్దాం అన్నారు. ఆయన మాటా కొట్టిపారేసేది కాదు. పీయూ మీద వేడి కాఫీ గ్లాసు పెట్టినా, నీళ్లు ఒలికినా చెక్కుచెదరదు. లక్క మీద తెల్లటి మచ్చ గుండ్రంగా తేలుతుంది. స్పిరిట్ పడిందా, ఏకంగా కరిగిపోతుంది.

నేను లక్కకు మొగ్గింది ఆ కరిగే గుణం చూసే. గీత పడ్డచోట స్పిరిట్‌లో కలిపిన లక్కను గుడ్డలో చుట్టిన దూది ఉండతో రుద్దితే, కొత్త పొర పాతదాన్ని కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది. అతుకు కనపడదు. పీయూ అలా కాదు, ఒకసారి గట్టిపడ్డాక కొత్త పూతతో కలవదు. మూల పెచ్చులేస్తే ఆ పలక మొత్తాన్ని ఎమరీ కాగితంతో గీకాల్సిందే. గీకినప్పుడల్లా పూతతోపాటు చెక్కడపు అంచులూ అరిగిపోతాయి. మా మూత మీది చిలకలకు ముక్కులు సగమే మిగిలాయి, ఎప్పుడో ఎవరో ఇలాగే గీకించిన పుణ్యం! రోజూ కంచాలు పెట్టే బల్లకైతే పీయూయే సరి. మా ఇంట్లో దానికి అదే వేయించాం.

విశాఖపట్నంలో 18వ శతాబ్దంలో చేసిన దంతపు తాపడం పెట్టెల సంగతి వేరు. దంతం మీద చెక్కిన సన్నగీతల్లో నింపిన నలుపు కూడా లక్కే. అలాంటిది ఎవరింట్లోనైనా ఉంటే స్పిరిట్ గుడ్డను దాని దరిదాపులకు రానివ్వకండి, గీతల్లో నలుపు ఊడొచ్చేస్తుంది.

మెలమైన్ అని ఇంకో రసాయన పూత ఉంది, అది పీయూ కన్నా చవక, వాసన ఘాటు, బాగుచేయడంలో చిక్కు మాత్రం అదే. అవిసె నూనె టేకుకు అందమే గానీ ఆరడానికి రోజులు పడుతుంది. పైగా ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకునే ప్రమాదముంది, విప్పి ఆరుబయట పరచాలి.

లక్క అనుకుంటే ముసురు రోజుల్లో పెట్టుకోకండి, గాలిలో తేమకు పొర తెల్లబారుతుంది. పని మొదలుపెట్టే ముందు, ఎవరికీ కనపడని మూల స్పిరిట్‌లో తడిపిన దూది కాసేపు ఆనించి చూడండి. జిగటగా అంటుకుంటే పాత పూత లక్కే అయ్యుండాలి. అలాంటప్పుడు గీకించే పనే లేదు, దుమ్ము, జిడ్డు తుడిచి దాని మీదే కొత్త లక్క పట్టించొచ్చు.